చెట్టూ చేమా: బదనిక కాని బదనిక



మీలో మామిడిచెట్టు ఎక్కడం వచ్చినవారు ఎంతమంది? చేతులెత్తితే నాకు కనబడవు గనుక అందరికీ వచ్చుననే అనుకుని మొదలుపెడతాను. రానివారు క్రింద నిలబడి తల ఎత్తి చూసినా చాలు. ఈ నెల మన పనికి అంతకంటే అక్కర లేదు.

మా రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడితోటలకు లోటు లేదు. అటు నూజివీడు, ఇటు మైలవరం, తిరువూరు, ఎటు పోయినా దారి పొడుగునా తోటలే. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరుకాయ, ఇవన్నీ మీరు తిన్నవే. ఈసారి కాయలకోసం కాకుండా, వయసు మళ్ళిన చెట్టు నొకదాన్ని ఎన్నుకుని, దాని బోదెమీదా పెద్దకొమ్మల పంగలలోనూ కన్ను వేయండి. తోలుపట్టీలవంటి దళసరి ఆకులు, అటొకటి ఇటొకటిగా రెండు వరుసలు తీరి, ఒకదాని మొదట్లో ఒకటి దూర్చినట్టు పెరిగిన మొక్క కనబడవచ్చు. ఆకు నడుమ మడతపడి కాలువలాగా వుంటుంది. చివర ఎవరో పంటితో కొరికినట్టు వంకరటింకరగా వుంటుంది. కాడనుంచి వేలెడు లావున తెల్లని వేళ్ళు దిగి కొన్ని కొమ్మను కరుచుకునీ, కొన్ని గాలిలో వేలాడుతూనూ వుంటాయి.

ఇది ఏమిటని తోటలో అడగండి. “అదా? బదనిక! చెట్టు రసం తాగేస్తుంది, పీకి పారెయ్యి” అంటారు. అనడమే కాదు, దోటీ చేతికి దొరికితే అప్పుడే లాగి పారేస్తారు కూడా. తోట శుభ్రం చేసే రోజుల్లో చెట్లక్రింద ఇటువంటి మొక్కలు కుప్పలుగా ఎండుతూ వుండడం నేను చాలాసార్లు చూశాను.

నేరం మోపారు, శిక్షా వేశారు. విచారణ మాత్రం జరగలేదు. ఆ విచారణ మనం చేద్దాం.

ముందు అసలు దొంగను పట్టుకోవాలి. దొంగ వున్నమాట నిజమే. మామిడిమీద ఇంకొక మొక్క కూడా పెరుగుతుంది. దూరంనుంచి చూస్తే అది మామిడికొమ్మలాగే వుంటుంది. గుబురుగా ఆకులు, కట్టెవంటి గట్టి కాడలు, సన్నని గొట్టాలవంటి ఎర్రని పువ్వులు, చిన్న చిన్న పళ్ళు. ఇది అసలు బదనిక. శాస్త్రజ్ఞులు దీన్ని డెండ్రాఫ్తో ఫాల్కేటా అంటారు. గ్రీకుభాషలో ఆ మొదటిమాటకు చెట్టును క్షయింపజేసేది అని అర్థం. పేరు ఊరికే పెట్టలేదు.

దీని పండులో గింజచుట్టూ జిగురు వుంటుంది. బొటనవేలంత పిట్ట ఒకటి ఆ పండు మింగుతుంది. గింజ కడుపులో అరగదు. బయటికి వచ్చేటప్పుడు జిగురుతోనే వస్తుంది. పిట్ట దాన్ని వదిలించుకోవడానికి కొమ్మకు రాస్తుంది. అంతే, గింజ అక్కడ అతుక్కుపోతుంది. మొలకెత్తి, వేరుకు బదులు మేకువంటి ముక్కు నొకదాన్ని బెరడులోకి దించుతుంది. ఆ ముక్కు బెరడును దాటి, కట్టెలోకి పోయి, మామిడి తన ఆకులకు పంపుకునే నీటినీ, లవణాలనూ మధ్యదారిలో పీల్చుకుంటుంది. దానికి ఆకుపచ్చని ఆకులు వున్నాయి గనుక ఆ నీటితో వంట మాత్రం తానే చేసుకుంటుంది. బియ్యం మనింట్లో దొంగిలించి పొయ్యి తన ఇంట్లో వెలిగించుకున్నట్టన్నమాట. అది అతుక్కున్నచోట కొమ్మ బుడిపెకట్టి ఉబ్బుతుంది. ఆపైన వున్న కొమ్మ సన్నగిల్లి, కాపు తగ్గి, కొన్నాళ్ళకు ఎండుతుంది. దీన్ని రైతు తీసివేయవలసిందే. కొమ్మ చిన్నదైతే, బుడిపెకు బోదెవైపున ఒక మూర ఎడంగా కోసివేయాలి. పళ్ళు పండకముందే కోస్తే పిట్టకు పని వుండదు. ఆకులు మాత్రం దూసి ఊరుకుంటే లోపలి ముక్కునుంచి మళ్ళీ చిగురిస్తుంది.

ఇప్పుడు మన పట్టీల ఆకుల మొక్క దగ్గరికి రండి. దాని వేరు ఎక్కడిదాకా పోయింది? ఎండి రాలిన కొమ్మమీద ఈ మొక్క దొరికితే, ఒక వేరును గోటితో మెల్లగా లేపి చూడండి. అది బెరడుపైన పరుచుకుని వున్నదే తప్ప లోపలికి ఒక నూలుపోగంతైనా దిగలేదు. లేవదీసినచోట బెరడు చెక్కుచెదరదు. ముక్కూ లేదు, బుడిపే లేదు. బదనిక వంటింట్లోకి దూరిన దొంగ అయితే ఇది అరుగుమీద కూర్చున్న బాటసారి. అరుగుమీద కూర్చున్నందుకు ఇంటివారి అన్నం తగ్గుతుందా?

“మరి అది ఏం తిని బతుకుతుంది, మాస్టారూ?” అని మీరు అడగాలి. అడిగారనే అనుకుంటాను.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండవేళ ఆ తెల్లని వేరుమీద చెంబుడు నీళ్ళు పోయండి. కాసేపటికి వేరు పచ్చబడుతుంది! ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది. ఇందులో మంత్రం లేదు. వేరుపైన స్పంజివంటి పొర వున్నది. దాన్ని వెలామెన్ అంటారు. అందులోని కణాలు చచ్చిన కణాలు. లోపల ఏమీలేక గాలి నిండి వుంటుంది. అందుచేత తెల్లగా కనబడతాయి. నీళ్ళు పడగానే వాటిని పీల్చుకుని నిండిపోతాయి. తెల్లకాగితానికి నూనె రాస్తే అవతలి అక్షరాలు కనబడతాయి చూశారూ, అలాగే పొర మసక విడిపోయి లోపలి ఆకుపచ్చరంగు బయటపడుతుంది. వాన కురిసే కాసేపట్లోనే ఆ పొర దొరికినంత నీరు తాగి నిలవ చేసుకోవాలి. నేలలో వేరు వున్న మొక్కకు ఇంత తొందర లేదు. ఆ వాననీటితోపాటు కొమ్మమీది దుమ్మూ, కుళ్ళిన ఆకుల సారమూ, పిట్టల రెట్టలో వున్న లవణాలూ కరిగి వస్తాయి. దానికి అవే చాలు.

నీళ్ళు ఖర్చు చేయడంలో కూడా ఇది పరమ పొదుపరి. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఆ రంధ్రాలగుండానే నీరు ఆవిరైపోతుంది. మా కృష్ణాతీరపు మే నెల ఎండలో ఆ పని చేస్తే ఈ మొక్క నాలుగు రోజులు బతకదు. అందుచేత ఇది రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి వాయువును లోపల దాచుకుంటుంది. పగలు తలుపులు బిగించుకుని ఆ దాచినదానితో ఎండవెలుగున వంట చేసుకుంటుంది. కట్టెలు రాత్రి తెచ్చుకుని పగలు వండుకున్నట్టు. కలబంద, బ్రహ్మజెముడు కూడా ఈ బాపతే.

అయితే రైతులు ఒక మాట అంటారు, అది కొట్టివేయదగినది కాదు. “ఇది పట్టిన కొమ్మలే పాడవుతున్నాయి, కళ్ళారా చూస్తున్నాం” అంటారు. చూసినమాట నిజం. కాని ఏది ముందు, ఏది వెనుక? లేతకొమ్మ నున్నగా వుంటుంది. దానిమీద విత్తనం నిలవదు. ముసలికొమ్మ బెరడు నెర్రెలు విచ్చి తేమనూ దుమ్మునూ పట్టుకుంటుంది. ఈ మొక్క అక్కడే మొలుస్తుంది. అంటే కొమ్మ ముసలిదైంది గనుక మొక్క వచ్చింది. మొక్క వచ్చి కొమ్మను ముసలిదాన్ని చేయలేదు. తలనెరిసినవారి చేతిలో కర్ర వుంటుంది. కర్ర పట్టుకోవడంవల్ల తల నెరిసిందంటామా? మరీ గుబురుగా పెరిగితే ఎండుకొమ్మ బరువుకు విరగవచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను.

నేరం ఒకరిది, నింద ఇంకొకరిది ఎలా అయింది? పేరువల్ల. ఈ పేరు పొరపాటు నిన్నటిది కాదు. అమరకోశంలో చెట్టుమీద పెరిగే మొక్కకు కొన్ని పర్యాయపదాలు వున్నాయి. వాటిలో వృక్షాదని అని ఒకటి, వృక్షరుహ అని ఒకటి. మొదటిదానికి చెట్టును తినేది అని అర్థం, రెండవదానికి చెట్టుమీద పెరిగేది అని అర్థం. తినడమూ, పెరగడమూ ఒకటేనా? కాని రెండూ ఒకే పేరు క్రింద పక్కపక్కన కూర్చున్నాయి. వాటితోబాటు అక్కడ వున్న ఇంకొక పేరు వందా. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సీమలో కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ జరగలేదు. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టి గొప్ప గ్రంథం అచ్చువేశాడు. మనకు ఆ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. మనం ముందు ఇంటిపేరు, వెనుక సొంతపేరు చెప్పుకుంటాం కదూ? శాస్త్రంలోనూ అంతే. మొదటిమాట ఇంటిపేరు, దాన్ని ప్రజాతి అంటారు. రెండవది సొంతపేరు, అది జాతిని చెబుతుంది. ఇంగ్లీషువారు తమ పేర్లలో దీన్ని తలక్రిందులు చేస్తారు గాని మొక్కలకు మాత్రం తెలుగువారి పద్ధతే పాటిస్తారని మా బళ్ళో పిల్లలకు చెప్పి నవ్వించేవాణ్ణి. లిన్నేయస్ చెట్లమీద పెరిగే ఇటువంటి మొక్కలను చాలావాటిని తెచ్చి ఎపిడెండ్రం అనే ఒక్క ఇంటిపేరులో కుక్కాడు. ఎపిడెండ్రం అంటే ఏమిటనుకున్నారు? చెట్టుమీదిది! మన వృక్షరుహ అన్నమాటే.

ఇప్పుడు కథ మన దేశానికి వస్తుంది. కాకినాడ దగ్గర సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1781 మొదలు 1793 వరకు వుండేవాడు. కుంఫిణీ ఉద్యోగి. తోట వేసి మిరియాలు, చెరకు, నీలిమందు పెంచి చూసేవాడు. కరువు రోజులలో వానలెక్కలు వ్రాసేవాడు. మొక్క కనబడితే చాలు, మనవారిని దాని తెలుగుపేరు అడిగి వ్రాసుకునేవాడు. మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించేవాడు. ఆ బొమ్మలతో కోరమండల్ తీరపు మొక్కలు అనే గొప్ప పుస్తకం 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా లండనులో వెలువడింది. మొత్తం 300 చిత్రాలు. మన మామిడిచెట్టు బాటసారి అందులో మొదటి సంపుటంలోనే వున్నది. దానికి ఆయన పెట్టిన పేరు ఎపిడెండ్రం టెస్సలేటం. టెస్సలేటం అంటే లాటిన్‌లో చిన్న చిన్న పలకలు పరిచినట్టున్నది అని అర్థం. ఎందుకో పువ్వు చూస్తే తెలుస్తుంది.

ఆ పువ్వును చూసి తీరాలి. కంకికి అయిదారు మొదలు పది దాకా పూస్తాయి. ఒక్కొక్కటి పాతకాలపు వెండిరూపాయికంటె కాస్త పెద్దది. రెక్కలు పసుపు కలిసిన ఆకుపచ్చ, లేదా బూడిదరంగు. వాటిమీద చాక్లెట్టురంగుతో గళ్ళు గళ్ళుగా వల గీసినట్టు వుంటుంది. మధ్యన క్రిందికి ఒక పెదవి, అది ఊదారంగు. మంచి వాసన. ఇంత పువ్వు పూసేదాన్నా మనం దోటితో లాగేది!

పువ్వులో రెక్కలు లెక్కపెట్టండి. బయట మూడు, లోపల మూడు. లోపలి మూడింటిలో ఒకటి రూపం మారి ఆ పెదవి అయింది. తేనెటీగ వచ్చి వాలడానికి అదే అరుగు. మందారంలోలాగా కేసరాలు ఎక్కడా కనబడవు. కేసరమూ కీలమూ కలిసి ఒక్క స్తంభంగా ఏర్పడ్డాయి. దాని కొనన చిన్న మూత. మూత క్రింద పుప్పొడి, పొడిగా కాదు, రెండు చిన్న ముద్దలుగా. ఈ లక్షణాలు కలిసి ఎక్కడ కనబడితే అది ఆర్కిడ్ కుటుంబం. ప్రపంచంలో ఆ కుటుంబానికి సుమారు 28,000 జాతులున్నాయి. మీరు తినే ఐస్‌క్రీములోని వెనిల్లా కూడా ఆర్కిడ్ కాయనుంచి వచ్చిన వాసనే. ఇక అసలు బదనిక పువ్వు విప్పి చూస్తే కేసరాలు విడివిడిగా గొట్టం అంచున నిలబడి వుంటాయి. దాని కుటుంబం వేరు, ఆకులో ఈనెల తీరు కూడా వేరు. వరికీ చింతకూ ఎంత చుట్టరికమో వీటికీ అంతే.

లిన్నేయస్ కుక్కిన ఇల్లు క్రమంగా ఇరుకైపోయింది. పువ్వులు విప్పి పోల్చి చూసేకొద్దీ వారంతా ఒక ఇంటివారు కారని తేలింది. కలకత్తాలో జడ్జీగా వుండి, 1784లో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియం జోన్స్‌కు సంస్కృతం వచ్చును. మొక్కలకు ఈ దేశపు పేర్లే వుండాలని ఆయన పట్టు. ఆయన పోయిన మరుసటి యేడు, 1795లో, అచ్చయిన ఆయన వ్యాసంలో ఈ మొక్కకు వందా అనే పేరు వున్నది. 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసుకుని వాండా అనే కొత్త ప్రజాతిని నిలబెట్టాడు. చూశారా చిత్రం! పేరు మన దేశానిదైనందుకు సంతోషించాలో, చెట్టును తినేదానికి వాడే మాట చెట్టును ముట్టని మొక్కకు లాటిన్‌లో శాశ్వతంగా అంటుకున్నందుకు నొచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తేలదు.

బ్రౌన్ మన మొక్కకు రాక్స్‌బరో గౌరవార్థం వాండా రాక్స్‌బర్గై అని పేరుపెట్టాడు. అది నిలవలేదు. ఇంటిపేరు మారినా, మొదట పెట్టిన సొంతపేరు మారకూడదని శాస్త్రంలో నియమం. ఆడపిల్ల అత్తవారింటికి పోతే ఇంటిపేరు మారుతుంది గాని సీత లక్ష్మి అయిపోదు కదా? అందుచేత 1830లో ఆ పాత టెస్సలేటమే తిరిగి వచ్చి వాండా టెస్సలేటా అయింది. చివరి అక్షరం ఎందుకు మారిందంటారా? ఎపిడెండ్రం నపుంసకలింగం, వాండా స్త్రీలింగం. సంస్కృతం చదివే పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. రాక్స్‌బరో పెట్టిన పేరు నిలబెట్టడంకోసం రాక్స్‌బరో పేరునే తీసివేయవలసి వచ్చింది! ఆయన వుంటే సంతోషించేవాడనే నా ఊహ.

ఇళ్ళు మారడం అంతటితో ఆగలేదు. సింగపూరులో ఏగ్నెస్ జోకిమ్ అనే ఆవిడ తోటలో పుట్టిన సంకరజాతి పువ్వును 1893లో లోకానికి తెలియజేశారు. దాన్ని వాండా మిస్ జోకిమ్ అన్నారు. 1981లో అది ఆ దేశానికి జాతీయపుష్పమైంది. ఈ లోపలే, 1974లో, దాని తల్లిదండ్రులు వాండా ఇంటివారు కారని తేల్చి పాపిలియోనాంథి అనే ప్రజాతిలోకి మార్చారు. జనం మాత్రం ఇంకా చాలామంది పాతపేరుతోనే పిలుస్తున్నారు. 2012లో దీనికి తిరుగుడు జరిగింది. కణాలలోని డి.ఎన్.ఏ. పోల్చి చూసి, వేరింటి కాపురాలు చేస్తున్న కొన్ని చిన్న ప్రజాతులను తెచ్చి వాండాలో కలిపారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎనభైకి పైబడి జాతులు వున్నాయి. ఖాసీ కొండల నీలివాండా వారిలో ఒకటి.

పేర్లు మార్చడం పండితుల కాలక్షేపమని మీ నాన్నగారు అనవచ్చు. ఆయనకు ఇది చెప్పండి. ఆయుర్వేదంలో రాస్న అనే మందుమూలిక వున్నది. వంగదేశంలో ఆ పేరుతో మన వాండా వేళ్ళు వాడుతూ వచ్చారు. దక్షిణాదిన అదే పేరుతో దుంపరాష్ట్రం వాడతారు. అది అల్లం కుటుంబపు మొక్క. చీటీమీద ఒకటే పేరు, పొట్లంలో వేరు వేరు మొక్కలు! లాటిన్ పేరు కూడా వ్రాసి వుంటే ఏది ఇవ్వాలో అంగడివానికి తెలుస్తుంది.

ఇంతకూ, పీకిపారేస్తే ఏం, మళ్ళీ మొలవదా? మొలుస్తుంది గాని అంత తేలిక కాదు. దీని కాయ గీతలు గీతలుగా, పొడుగ్గా వుంటుంది. పండి నిలువునా పగిలితే లోపలినుంచి పసుపురంగు దుమ్ము లేస్తుంది. ఆ దుమ్మే విత్తనాలు. ఒక్క కాయలో లెక్కలేనన్ని వుంటాయి. అంత చిన్న విత్తనంలో మొలక తినడానికి దారిబత్తెం వుండదు. చింతగింజలో పప్పు వుంటుంది, ఇందులో లేదు. ఒకరకపు సన్నని బూజు వచ్చి చేరి ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుంది. ఈ సంగతి ఫ్రాన్సు దేశపు నోయెల్ బెర్నార్ అనే యువకుడు 1899లో కనిపెట్టాడు. గాలికి కొట్టుకుపోయే దుమ్ములో ఏ ఒక్కటో సరైన బెరడుమీద, సరైన తేమలో, సరైన బూజు పక్కన పడాలి. పడ్డాక కూడా పువ్వు పూయడానికి కొన్ని యేళ్ళు పడుతుంది. దోటితో లాగడానికి ఒక్క క్షణం. పాత నాటుమామిడి చెట్లు కొట్టేసి కొత్త అంటుతోటలు వేస్తున్న ఈ రోజులలో దానికి నెర్రెలువిచ్చిన బెరడు దొరకడమే కష్టం. కనుక తల్లిదండ్రులకు నా మనవి: తోట శుభ్రం చేసే కూలీలను పంపేముందు ఏది కోయాలో, ఏది వదలాలో చెట్టు దగ్గర నిలబడి చూపించండి. బుడిపె వున్నది దొంగ. తెల్లని వేరు వున్నది బాటసారి.

గాలివానకు విరిగిన కొమ్మమీదో, కొట్టేసిన చెట్టుమీదో వాండా దొరికితే ఎండనివ్వకండి. పచ్చిగా వున్న వేళ్ళు తెగకుండా లేవదీసి, బతికివున్న ముదురు మామిడికో చింతకో, పొద్దుటి ఎండ తగిలే పక్కన, కొబ్బరిపీచుతో వదులుగా కట్టండి. మన్ను వేయకూడదు, కుండీలో పూడ్చకూడదు, వేళ్ళు కుళ్ళిపోతాయి. తొలకరికి ముందు కడితే మంచిది. రోజూ సాయంత్రం ఒక చెంబు నీళ్ళు చిలకరించండి. కొత్తవేరు కొన ఆకుపచ్చగా బయలుదేరి బెరడును పట్టుకున్నదంటే పీచు విప్పేయవచ్చు.